ఫ్రీ బొమ్మే కదా అని వాడేసే ముందు

ఫ్రీ డౌన్‌లోడ్ బటన్ కనిపించగానే చాలామంది ఆ బొమ్మ ఇక మనదే అనుకుంటారు, డబ్బులు అడగలేదంతే, కాపీరైట్ మాత్రం మామూలుగా గీసినవాళ్ల దగ్గరే ఉంటుంది. తమ బొమ్మని వేరేవాళ్లు ఎలా వాడుకోవచ్చో గీసినవాళ్లు ముందే చెప్పేసే క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులు 2002 నుంచి ఉన్నాయి, వాటిలో బీవై అని ఉంటే గీసినవాళ్ల పేరు, లైసెన్స్ లింకు పెట్టాలి, ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు, ఎన్‌డీ ఉంటే మార్చి పంచకూడదు. అసలు తిప్పలు ఎస్‌ఏతోనే, అది ఉన్న బొమ్మని మార్చి కొత్తగా ఏదైనా చేసి బయటపెడితే అది కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, క్లయింట్ పని చేసేవాళ్లు ఇది చూసుకోకపోతే తర్వాత గొడవే. 2009లో వచ్చిన సీసీ జీరో అంటే గీసినవాళ్లు తమ కాపీరైట్ వదిలేసుకోవడం, దానికి ఈ షరతులేవీ లేవు, హాయి. అయినా ఫొటోలో మనిషి మొహమో కంపెనీ లోగోనో ఉంటే వాళ్ల హక్కులు వేరే, వాటిని సీసీ జీరో కవర్ చెయ్యదు.

సైట్లు సొంత రూల్స్ పెట్టుకుంటాయి, మధ్యలో మార్చేస్తాయి కూడా. ఫ్రీ ఫొటోల సైటు అన్‌స్ప్లాష్ 2017లో సీసీ జీరో వదిలేసి సొంత లైసెన్స్‌కి మారింది, పేరు వెయ్యక్కర్లేదు, కమర్షియల్‌గా వాడొచ్చు, కానీ ఫొటోని ఉన్నదున్నట్టు అమ్మకూడదు. అందుకే నేనైతే బొమ్మ దించుకున్న రోజే లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, లింకుతో సహా అదే ఫోల్డర్‌లో పడేస్తా. గూగుల్ ఇమేజెస్‌లో దొరికిందంటారా, అది వెతికిపెట్టేదే గానీ పర్మిషన్ ఇచ్చేది కాదు, టూల్స్‌లో యూసేజ్ రైట్స్ ఫిల్టర్ ఉంది గానీ అది పెట్టినా అసలు పేజీకెళ్లి చూసుకోవాల్సిందే.