ఈల

పదకొండున్నర. వీధి చివర బరాత్ ఇంకా కదల్లేదు, డీజే దెబ్బకి వంటింట్లో గిన్నెలు కూడా వణుకుతున్నాయి. ఎలాగూ నిద్ర రాదు, రాసి పారేస్తా.

చిన్నోడి పోరు పడలేక ఇవాళ జూకి వెళ్ళాం. ఆదివారం, బహదూర్‌పురా ట్రాఫిక్, టికెట్ల లైను, అవన్నీ వదిలేయండి. టాయ్ ట్రైన్‌లో వాడు పగలబడి నవ్వాడు, అది బాగుంది.

నాకు మండింది ఆ నిశాచర జంతువుల ఇంట్లో. లోపల పగటిని రాత్రి చేసి పెడతారు కదా, మనం వెళ్ళేసరికి అవి మెలకువగా ఉంటాయి. అడుగు పెట్టామో లేదో ఎవడో ఈల వేశాడు. చీకట్లో గోడలకి కొట్టుకుని అది రెండింతలు మోగితే, వెనకాల ఇంకో నలుగురు ఓయ్ ఓయ్ అని మొదలెట్టారు. ఒకాయన బండి తాళాల గుత్తి అద్దం మీద ఆడిస్తున్నాడు, దేవాంగపిల్లి ఇటు తిరగాలట, వీడియోకి. పిడికెడు జీవి, మొహమంతా కళ్ళే. ఆ గలగలలో 20,000 హెర్ట్జ్ దాటిన సన్న చప్పుడు కూడా ఉంటుంది, అది మనకి వినపడదు గానీ గబ్బిలాలకి వినపడుతుంది. అడవిలో అయితే పారిపోతాయి. ఇక్కడ పోయేదెక్కడికి? బెదిరీ బెదిరీ కొన్ని తిండి తగ్గిస్తాయి, కొన్ని ఉన్న చోటే అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టం 38జె సెక్షన్‌లో జూ జంతువుల్ని చప్పుడు చేసి ఇబ్బంది పెట్టకూడదని ఉంది, చప్పుడు అన్న మాటతో సహా. ఎవరికి పట్టింది?

"చదువుకున్నోళ్ళేనా మీరు?" అని అరిచాను. చిన్నోడు చెవులు మూసుకున్నాడు. అక్కడ అన్నిటికన్నా పెద్ద గొంతు నాదే.

ఇప్పటి జనం, ఫోన్లు, రీల్సు అని దారంతా తిట్టుకుంటూ వచ్చాను గానీ, బండి మూసీ దాటుతుంటే నాన్న గొడుగు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు నల్గొండ నుంచి తెల్లారుజామున బస్సులో ఇదే జూకి వచ్చాం, సద్ది మూట, అమ్మ కొత్త చెప్పులు కరిచి కుంటుతోంది, తీరా చూస్తే సింహం పడుకుని ఉంది. రోజులో ఇరవై గంటల దాకా పడుకునే జంతువని మాకేం తెలుసు. నాన్న గొడుగు పిడితో కమ్మీని ఠంగుఠంగుమని కొట్టారు. అది తల ఎత్తి సరిగ్గా నన్నే చూసింది! నాన్న భుజాల మీద ఉన్నాను నేను. ఏడాది పాటు బళ్ళో అదే చెప్పుకున్నాను.

నాన్నని ఏమనను? అంత దూరం వచ్చాక ఒక్కసారి మన వైపు చూస్తే బాగుండుననిపిస్తుంది, నిజమే. తాళాల ఆయన పక్కన కూడా ఓ చిన్నపిల్ల ఉంది. అయినా సరే, ఆ ఈల వేసినవాణ్ణి మాత్రం క్షమించలేను.

పడుకునే ముందు చిన్నోడు అడిగాడు, నువ్వు అరిచావనే ఆ దేవాంగపిల్లి కొమ్మ వెనక్కి పోయిందా అని. కాదు నాన్నా, నిద్రొచ్చి పోయింది అన్నాను.

"దానికి అప్పుడు రాత్రి కదమ్మా. రాత్రి అది నిద్రపోదుగా."