ఇంటి చెక్కపనికి మార్బుల్ కట్టర్ వద్దు

సొంత చేతులతో ఒక బల్లో, పుస్తకాల అరో చేసుకోవాలన్న కోరికతో డాబా మీదో, కారు షెడ్డులోనో చిన్న పనిగది ఏర్పాటు చేసుకునేవారు మన ఊళ్లలో కనిపిస్తున్నారు. నేనూ వారిలో ఒకడిని కాబట్టి ఇది నాకు ఎంతో సంతోషాన్నిచ్చే విషయం. అయితే వీరిలో చాలామంది మొట్టమొదట కొనే యంత్రం మార్బుల్ కట్టర్ కావడం నన్ను కలవరపెడుతోంది. ఇంట్లో కప్‌బోర్డులు చేయడానికి వచ్చిన వడ్రంగి నేల మీద కూర్చుని, ప్లైవుడ్‌ను ఒక కాలితో తొక్కిపట్టి, నాలుగంగుళాల చెక్క బ్లేడు బిగించిన ఆ కట్టర్‌తో చకచకా కోసేయడం మనమందరం చూసిందే. ధర తక్కువ, బరువు తక్కువ, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. అంతమాత్రాన అది చెక్క కోయడానికి తయారైన యంత్రం కాదు.

చెక్క కోయడానికే చేసిన సర్క్యులర్ సాకూ (గుండ్రటి బ్లేడున్న కరెంటు రంపం) దీనికీ అసలు తేడా గార్డులో, అంటే బ్లేడును కప్పి ఉంచే తొడుగులో ఉంది. రాయిని కోసే డైమండ్ బ్లేడుకు రంపం లాంటి పళ్లు ఉండవు. అది రాయిని అరగదీస్తూ పోతుంది కాబట్టి, పైభాగాన్ని మాత్రమే కప్పే కదలని గార్డుతో మార్బుల్ కట్టర్‌ను తయారు చేస్తారు. చెక్క కోసే సర్క్యులర్ సాకు కింది వైపు స్ప్రింగుతో పనిచేసే మరో గార్డు ఉంటుంది. బ్లేడు చెక్కలోకి దిగుతున్నప్పుడు అది వెనక్కి జరిగి, కోత పూర్తయి యంత్రాన్ని పైకెత్తగానే తనంతట తానే వచ్చి పళ్లను మూసేస్తుంది. స్విచ్ వదిలాక కూడా బ్లేడు కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. నేల మీద కూర్చుని పని చేసేవాళ్లు యంత్రాన్ని తొడ పక్కన దించేది ఆ క్షణాల్లోనే. పైగా సర్క్యులర్ సా నిమిషానికి సుమారు 5,000 నుంచి 6,000 చుట్లు తిరిగితే, మార్బుల్ కట్టర్ 11,000 నుంచి 13,000 చుట్లు తిరుగుతుంది. లోహాన్ని కోయడానికీ, అరగదీయడానికీ వాడే యాంగిల్ గ్రైండర్‌కు చెక్క బ్లేడు బిగించడం ఇంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే దానికి చెక్క మీద ఆనే అడుగు ప్లేటు కూడా ఉండదు, కోతను అదుపులో ఉంచే భారమంతా మన మణికట్టు మీదే పడుతుంది.

మంచి సర్క్యులర్ సా కొన్నా, చెక్కకు సరైన ఆధారం లేకపోతే అది ఎదురు తన్నుతుంది. ప్లైవుడ్ షీటును రెండు స్టూళ్ల మీద ఆనించి నడిమధ్యలో కోస్తే, కోత సగం దాటేసరికి రెండు ముక్కలూ బరువుకు కిందికి వంగి, సందు మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది. మోటారు శక్తి మాత్రం ఆగదు, అందుచేత యంత్రం మొత్తంగా కోత వెంబడి మన మీదికి ఎగిరివస్తుంది. దీనికి నేను పాటించే పద్ధతి చాలా చవకైనది: రెండంగుళాల మందం ఉన్న థర్మోకోల్ షీటును నేల మీద పరిచి, దాని మీద ప్లైవుడ్‌ను పెట్టి, అది కదలకుండా పట్టి ఉంచే క్లాంపులు బిగించి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే బ్లేడు లోతును 22 మిల్లీమీటర్ల దగ్గర ఆపి కోస్తాను. బ్లేడు థర్మోకోల్‌ను కొద్దిగా గీస్తుంది తప్ప నేలను తాకదు, రెండు ముక్కలూ చివరిదాకా ఎక్కడివక్కడే ఉంటాయి. శరీరం మాత్రం కోత గీతకు ఎదురుగా కాక పక్కకు ఉండాలి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది, సర్క్యులర్ సాను తలకిందులు చేసి బల్ల కింద బిగించి, బ్లేడు బల్ల పైకి పొడుచుకువచ్చే టేబుల్ సా లాగా వాడే అలవాటు. అందుకోసం కింది గార్డును తీగతో వెనక్కి కట్టేస్తారు, స్విచ్‌ను టేపుతో నొక్కి ఉంచుతారు. అసలైన టేబుల్ సాలో బ్లేడు వెనకే రైవింగ్ నైఫ్ అనే ఉక్కు రేకు నిలబడి కోత సందు మూసుకోకుండా చూస్తుంది. అది లేనిచోట పైకి లేచే వెనక పళ్లు చెక్కను ఎత్తి మనిషి మీదికి విసురుతాయి, చెక్కను తోస్తున్న చేయి ఆ కుదుపుకు బ్లేడు వైపు లాగబడుతుంది. ఇక స్విచ్‌కు అంటించిన టేపు సంగతి: పని మధ్యలో కరెంటు పోయి, మనం బల్ల మీద పొట్టు తుడుస్తుండగా తిరిగి వస్తే, యంత్రం దానంతట అదే మొదలవుతుంది. స్విచ్ లాక్ బటన్ ఉన్న కట్టర్లకూ, గ్రైండర్లకూ ఇదే వర్తిస్తుంది కాబట్టి, కరెంటు పోగానే లాక్ తీసి ప్లగ్గు పీకేయడం అలవాటు కావాలి. బ్లేడు మార్చేటప్పుడు కూడా అంతే.

తిరిగే బ్లేడు దగ్గర చేతి గ్లవుజులు రక్షణ కావు, వేలితో సహా లోపలికి లాక్కుపోతాయి. కళ్లకు రక్షణ అద్దాలు, చెవులకు శబ్దాన్ని తగ్గించే మఫ్‌లు తప్పనిసరి. పొట్టును మాత్రం మనవాళ్లు మరీ తేలిగ్గా తీసుకుంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ముఖానికి చుట్టిన తువ్వాలు ఆ సన్నని ధూళిని ఆపలేదు, ఎన్95 మాస్కు కావాలి.

సర్క్యులర్ సా కొనడానికి ఇప్పుడే డబ్బు కుదరకపోతే, కొలతలు కాగితం మీద రాసుకుని ప్లైవుడ్ షాపుకే వెళ్లండి. పట్టణాల్లో చాలా షాపులు కొద్దిపాటి కూలికి పెద్ద మిషన్ మీద కోసి ఇస్తాయి. ఇంటికి తెచ్చుకుని చిత్రిక పట్టడం, రంధ్రాలు వేయడం, బిగించడం మొదలుపెట్టవచ్చు.