పొదిగే కోడిని రాత్రిపూట చూడండి

పోయిన వేసవిలో నా కాకి రంగు కోడిపెట్ట గుడ్ల మీదే ప్రాణం విడిచింది. పదకొండు గుడ్లు పొదగేశాను. పద్నాలుగో రోజున నూకలు చల్లినా గంప దిగలేదు. ఎంత మంచి తల్లి అని మురిసిపోయాను. మర్నాడు పొద్దున్నే చూస్తే మెడ వాల్చేసి ఉంది. ఎత్తితే చేతిలో బరువే తెలియలేదు. గంపలోని ఎండుగడ్డి కదపగానే ఎర్రటి నలుసులు బిలబిలమంటూ నా మోచేతి దాకా పాకాయి.

కోడిపేలు. పగలంతా గంప అల్లికలో, గోడ పగుళ్లలో నక్కి ఉండి, చీకటి పడ్డాక వచ్చి రక్తం తాగే రకం. పగలు కోడి ఈకలు ఎంత విప్పి చూసినా దొరకవు. మామూలు కోడి మట్టిలో పొర్లి కొన్నిటినైనా దులుపుకుంటుంది. పొదిగే తల్లి ఇరవై ఒక్క రోజులూ దాదాపు కదలకుండా వాటికి ఒళ్లప్పగించి కూర్చుంటుంది.

పొదిగే కోడీ, జబ్బు చేసిన కోడీ పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండూ కూర్చునే ఉంటాయి, రెండూ మేత తగ్గిస్తాయి. పొదిగేది మాత్రం చెయ్యి దగ్గరికి పోనిస్తే ఈకలు నిక్కించి, గుర్రుమని పొడుస్తుంది. రోజుకోసారి దిగి గబగబా తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి పరుగెత్తుకొస్తుంది. అలా దిగకపోయినా, పొడవకపోయినా నేనిప్పుడు ఆ పూటే ఎత్తి చూస్తున్నాను. రెక్కలు జారేసి ఆకుపచ్చ రెట్ట వేస్తే, కోళ్లకు ఒకదాన్నుంచి ఒకదానికి అంటే కొక్కెర తెగులేమోనని వెంటనే వేరుచేస్తాను. దానికి మందు లేదు, టీకా ఒక్కటే దారి. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో లసోటా టీకా చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద సూది.

ఆ గంపను గడ్డితో సహా కాల్చేశాను. మూల గోడకు మరుగునీళ్లు పోసి, పగుళ్లు పూడ్చి సున్నం కొట్టించాను. పొలానికి కొట్టే మందు చల్లమని ఒకరు చెప్పారు. దయచేసి ఆ పని చేయకండి, కోడికీ పిల్లలకూ అది విషమే. గంప దిగే చోట బూడిద, పొడి మట్టి కలిపి పోసి ఉంచితే తల్లి దిగినప్పుడల్లా అందులో పొర్లుతుంది.

ఇంకో మాట. పొదగేసే ఉద్దేశం లేనప్పుడు పొదుగు మాన్పించడానికి మా వైపు ముక్కులో ఈక గుచ్చి వదులుతారు. ఆ బాధ చూడలేను. కింద నుంచి గాలి ఆడే తడిక మీద, మేతా నీళ్లూ పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే పొట్ట చల్లబడి అదే మానుతుంది.

ఇప్పుడు ఎర్రపెట్ట తొమ్మిది గుడ్ల మీద ఉంది. రోజూ పడుకునే ముందు టార్చి వేసి, తెల్లగుడ్డతో గంప అంచు తుడిచి చూస్తాను. గుడ్డ మీద ఎర్ర మరక పడితే పేలు ఉన్నట్టే. నిన్నటికి ఇరవై రోజులు. గుడ్డ తెల్లగానే ఉంది. ఒక గుడ్డు తీసి చెవికి ఆనిస్తే లోపలి నుంచి సన్నగా కిచకిచలు వినిపించాయి. ఎర్రపెట్ట నా మణికట్టు మీద గట్టిగా పొడిచింది.