మూడు ఇటుకలు, మూడు త్రాసులు

మన పూర్వవిద్యార్థుల సంచిక కోసం రెండు పుటలు రాసి పంపమని కమిటీవారు అడిగినప్పుడు హాస్టలు గురించి రాయాలా, లాకుల దగ్గర ఈతల గురించి రాయాలా అని చాలాసేపు ఆలోచించాను గానీ, కలం పట్టుకోగానే కళ్ళముందు నిలిచింది మాత్రం ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫిజిక్సు మాస్టారు వరండాలో ఇటుకలు లాగిన మధ్యాహ్నమే.

ముందురోజు స్లిప్ టెస్టులోని లెక్క మీకు గుర్తుండే ఉంటుంది. నున్నని బల్ల మీద 5, 3, 2 కిలోల దిమ్మలు వరుసగా దారాలతో కట్టి ఉన్నాయి. ముందున్న 5 కిలోల దిమ్మను 20 న్యూటన్ల బలంతో లాగుతున్నారు. దారాలలో తన్యత, అంటే ఒక్కో దారం లాగే బలం, ఎంత? లాగేది 20 అయితే చివరిదాకా 20 ఉండాలి కదా అని నేను రెండుచోట్లా అదే రాశాను. మాస్టారు కోప్పడలేదు. "మీ తాత కాలువగట్టున నడుస్తూ రెండు ధాన్యం పడవల్ని కలిపి లాగేవాడు కదరా, ఆయన భుజానికి తెలిసే బరువూ, పడవల మధ్య తాడుకు తెలిసే బరువూ ఒకటేనా?" అని అడిగి, చివరి దిమ్మ చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, ఆ గీతను దాటే దారమొక్కటే మనకు లెక్క అన్నారు. మొత్తం 10 కిలోలకు 20 న్యూటన్లంటే త్వరణం 2. కాబట్టి 2 కిలోలను లాగే చివరి దారంలో 4 న్యూటన్లు, వెనక 5 కిలోలున్న ముందు దారంలో 10.

"నున్నని బల్ల ఎక్కడుందండీ, మాస్టారూ?" అన్నాడు మూడో బెంచీలోంచి మన పెద్దకాపు.

మర్నాడు కొత్తగది కోసం దింపిన ఇటుకల్లోంచి మూడింటిని ఏరి, ల్యాబులోని స్ప్రింగు త్రాసులు మూడింటిని కొబ్బరితాడుతో, మొదటి ఇటుక ముందు ఒకటీ, ఇటుకల మధ్య రెండూ కట్టారు. ఆ తాడు ఎవరి దొడ్లోంచి వచ్చిందో ఇక్కడ రాయను. ఆయన నడుం వంచి ఒకే వేగంతో వెనక్కి నడుస్తుంటే మేం ముగ్గురం పక్కనే పాకుతూ ముళ్ళు చదివాం: ముందుది నాలుగున్నర, మధ్యది మూడు, చివరిది ఒకటిన్నర. గచ్చు మీద ఎర్రటి చార పడింది గానీ నిష్పత్తి చెదరలేదు. అన్ని ఇటుకలకూ ఘర్షణ గుణకం (నేలతో రాపిడి ఏపాటిదో చెప్పే అంకె) ఒకటే అయినప్పుడు, వేగం పెంచే బలమూ ఘర్షణకు సరిపోయే బలమూ రెండూ ద్రవ్యరాశిని బట్టే ఉంటాయి కనుక, లాగే బలంలో ఒక్కో దారానికి వచ్చే వాటా మారదని ఆయన అక్కడే గోడ మీద రాసి చూపించారు.

రెండో సంవత్సరం, ఎంసెట్, ఇంజనీరింగు గడిచిపోయాయి. రైల్వేలో నా ఉద్యోగమంతా కప్లర్లతోనే, అంటే వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కొక్కేలతోనే. 58 వ్యాగన్ల బొగ్గు రేకు (వ్యాగన్ల వరుసను మేం అలా అంటాం) నిదానంగా సాగుతున్నప్పుడు ఇంజను వెనకున్న కప్లర్ 58 వ్యాగన్ల లాగుడునూ మోస్తుంది, 29వ వ్యాగన్ వెనకది అందులో సగమే మోస్తుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందు నేర్పేది ఆ సుద్దగీతే.

మా అమ్మాయి పెళ్ళికి పిలవడానికి మొన్న మాస్టారింటికి వెళ్ళాను. కప్లర్ల సంగతంతా శ్రద్ధగా విని, "మరి రేకు ఎత్తు ఎక్కుతుంటే?" అన్నారు. వాలు ఒకటే అయితే వాటా మారదండీ అన్నాను. ఆయన శుభలేఖను వెనక్కి తిప్పి, జేబులోని పెన్ను నా చేతికిచ్చి, "ముందు గీత గియ్యి, తర్వాత బలాల బాణాలు" అన్నారు.