పాత సివిక్‌లో ఫ్యూయల్ ఫిల్టర్: నా అనుభవం

చదువుకోవడానికి అమెరికా వచ్చిన మన పిల్లల్లో చాలామంది మొదట కొనేది పాత సివిక్కో, పాత కరోలానో. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు వాడి, నాకిచ్చిన బండి 1998 హోండా సివిక్, 1.6 లీటర్ ఇంజిన్. ఊళ్లో తిరిగినంతసేపూ ఏ గొడవా లేదు. ఫ్రీవే ఎక్కేటప్పుడు మాత్రం యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే బండి లాగదు, వెనక్కి పట్టేసినట్టు జర్క్ ఇస్తుంది. కాలు కాస్త తీస్తే మళ్లీ మామూలే. వెనక నుంచి పెద్ద ట్రక్కులు దూసుకొస్తుంటే ఎంత టెన్షనో చెప్పలేను.

దగ్గర్లోని ఒక షాపులో పెట్రోలుని ట్యాంకు నుంచి ఇంజిన్‌కి తోసే పంపు పోయింది, మార్చాలన్నారు. చెప్పిన రేటుకి గుండె ఆగినంత పనైంది. అన్నయ్యకి ఫోన్ చేస్తే, "ఆగరా తమ్ముడూ, ముందు పెట్రోలు వడకట్టే ఫిల్టర్ సంగతి చూడు. నా దగ్గరున్నన్నాళ్లూ అది మార్చిందే లేదు" అన్నాడు.

ఆలోచిస్తే ఆ మాటలో న్యాయం ఉంది. తాళం ఆన్ వరకు తిప్పితే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్ల పాటు పంపు జుయ్‌మనడం స్పష్టంగా వినిపిస్తోంది. ఎండలో పెట్టిన బండి అసలు స్టార్టే కాకపోతే పంపుకి కరెంటు అందించే మెయిన్ రిలేని అనుమానించాలి, ఆ కాలపు హోండాల్లో అది మామూలు జబ్బు. నాకా సమస్య లేదు. నిలకడగా నడిచినప్పుడు బాగుండి, పెట్రోలు ఎక్కువ కావలసినప్పుడే చతికిలబడుతోందంటే దారిలో ఎక్కడో అడ్డు ఉండొచ్చు.

చాలామంది ఫిల్టర్ కోసం కారు కిందికి దూరి ట్యాంకు దగ్గర వెతుకుతారు. 2001 నుంచి వచ్చిన సివిక్‌లలో అది ట్యాంకు లోపలే, పంపుతో పాటు ఉంటుంది. 1996-2000 మోడళ్లలో మాత్రం బానెట్ ఎత్తితే, ఇంజిన్ వెనక ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడకి) ఆనుకుని, డ్రైవర్ వైపు, బ్రేక్ మాస్టర్ సిలిండర్‌కి దగ్గర్లో నిలబడి ఉంటుంది. చిన్న లోహపు డబ్బా. పైన బాంజో బోల్టు (లోపలి నుంచి పెట్రోలు పోయే బోలు బోల్టు), దాని నెత్తిన ప్రెషర్ వదలడానికి చిన్న సర్వీస్ బోల్టు, అడుగున ట్యాంకు నుంచి వచ్చే ఉక్కు గొట్టం.

మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బండి రిపేరు చేయకూడదని లీజులోనే రాసి ఉంది. అందుకని అన్నయ్య వాళ్లింటి డ్రైవ్‌వేలో పని పెట్టుకున్నాం. ముందు రోజు రాత్రే అడుగు నట్టు మీద తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేశాను. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాం. మంటలార్పే సిలిండర్ పక్కనే పెట్టుకుని, బ్యాటరీ నెగటివ్ తీసి, ట్యాంకు మూత వదులు చేశాం. ఇంజిన్ ఆపినా ఆ లైన్లో పెట్రోలు ప్రెషర్‌తోనే ఉంటుంది. ఈ ఒక్క విషయం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. సర్వీస్ బోల్టు మీద మందపాటి గుడ్డ కప్పి, దాని కిందున్న బాంజో బోల్టుని ఒక స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, 12 ఎంఎం స్పానర్‌తో మెల్లగా ఒక్క చుట్టు తిప్పాను. బుస్సుమని గుడ్డ తడిసింది, ప్రెషర్ పోయింది.

అసలు కష్టం అడుగు నట్టుతో. మామూలు స్పానర్ దాన్ని రెండు వైపులే పట్టుకుంటుంది, బలం పెడితే మూలలు అరిగి నట్టు గుండ్రంగా అయిపోతుంది. అప్పుడిక ఫిల్టర్ ఖర్చుతో పోదు. 14 ఎంఎం ఫ్లేర్ నట్ రెంచ్ కొనండి, అది నట్టు చుట్టూ పట్టుకుంటుంది. ఫిల్టర్ అడుగున ఉండే పలకల భాగాన్ని అన్నయ్య ఇంకో స్పానర్‌తో ఆపి పట్టుకున్నాడు. లేకపోతే నట్టుతో పాటు గొట్టం కూడా మెలిపడుతుంది. క్లాంప్ బోల్టులు చివర్లో విప్పాం, అప్పటిదాకా ఫిల్టర్‌ని కదలకుండా నిలబెట్టేది అదే కదా.

బిగించేటప్పుడు వరస తిరగేయాలి. అడుగు నట్టుని ముందు చేత్తోనే మరలోకి ఎక్కించాను, క్లాంప్ వదులుగా ఉంటేనే అది తిన్నగా కూర్చుంటుంది. బాంజో బోల్టుకి, సర్వీస్ బోల్టుకి కొత్త వాషర్లు వేశాం. అవి ఒకసారి నలిగితే మళ్లీ సరిగ్గా సీల్ అవ్వవు.

పాత ఫిల్టర్‌ని గాజు సీసాలోకి వంచితే, పెట్రోలు వచ్చే వైపు నుంచి కాఫీ డికాషన్ రంగులో కారింది. కాసేపటికి అడుగున సన్నటి తుప్పు పొడి పేరుకుంది. రెండో వైపు నుంచి వచ్చింది మాత్రం తేటగా ఉంది. ఇన్నేళ్లూ ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లని కాపాడింది ఇదేనా అని దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను.

బ్యాటరీ కలిపి, స్టార్ట్ చేయకుండా తాళాన్ని కొన్నిసార్లు ఆన్ చేసి ఆపితే లైన్ మళ్లీ నిండింది. టార్చి వేసి, ప్రతి జాయింట్‌నీ టిష్యూ పేపరుతో ఒత్తి చూశాం. పొడిగానే ఉంది. కొంచెం చెమ్మ కనిపించినా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. బండి ఇప్పుడు నాలుగో గేర్లో కూడా తడబడకుండా లాగుతోంది, పంపు జోలికి వెళ్లాల్సిన పనే పడలేదు. పాత పెట్రోలు కాలవలో పోయకుండా మూత గట్టిగా బిగించి కౌంటీ వాళ్ల ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చేశాం. ట్యాంకు పావు వంతుకి దిగకుండా చూసుకుంటున్నాను, ఎందుకంటే లోపలి పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే. వచ్చే నెల రబ్బరు హోసులు మార్చాలి, అన్నయ్య అప్పుడే క్లాంపులు తెచ్చి పెట్టాడు.