పావు, ఒకటి, రెండుంపావు, నాలుగు...

మన కాలేజీ బ్యాచి కలయిక సంచికకు ఏదైనా రాయమని కమిటీవారు అడగగానే నాకు గుర్తొచ్చింది హాస్టలూ కాదు, బందరు కాలువ గట్టూ కాదు. మట్టిని పరీక్షించే మన సాయిల్స్ ల్యాబు. మొదటి రెండేళ్ల సంగతులు ఇంకెవరైనా రాయండి.

"పావు, ఒకటి, రెండుంపావు, నాలుగు, ఆరుంపావు!" మాస్టారు గడియారం చూస్తూ నిమిషాలు చదువుతుంటే మన బ్యాచి ఊపిరి బిగబట్టి, మట్టి ఎంత కుంగిందో చూపే డయల్ గేజి ముందు కూర్చునేది. బరువు పెడితే మట్టిలోని నీరు మెల్లగా బయటికి పోయి అది ఎంత కుంగుతుందో కొలిచే పరీక్ష అది. రింగులో 20 మిల్లీమీటర్ల బంకమట్టి బిళ్ల, పైనా కిందా నీటిని పోనిచ్చే పోరస్ రాళ్లు. ఒక్కో బరువు 24 గంటలు ఉంచాలి. సంక్రాంతి సెలవుల్లో రీడింగుల కోసం ఎవరు ఉండిపోయారో, ల్యాబు తాళంచెవితో ఎవరు తెనాలి బస్సెక్కారో మీకు వేరే చెప్పాలా!

ఆయన బోర్డు మీద వేసిన ఒక లెక్క నన్ను ఇప్పటికీ వదల్లేదు. మట్టిలోని నీరు బయటపడే దారి పెరిగేకొద్దీ, పట్టే కాలం ఆ దారి వర్గంతో పాటు పెరుగుతుంది. బిళ్లలో నీరు పైకీ కిందికీ పోతుంది కాబట్టి దారి 10 మిల్లీమీటర్లు. పైనా కిందా ఇసుక ఉన్న 10 మీటర్ల బంకమట్టి పొరలో 5 మీటర్లు. దారి 500 రెట్లు, కాలం రెండున్నర లక్షల రెట్లు! ఇక్కడ గంట పట్టేది అక్కడ 28 ఏళ్లు. మట్టి శాస్త్రానికి ఆద్యుడైన ఇంజినీరు టెర్జాగీ 1925లోనే చెప్పిన సంగతి. "దారిని దగ్గర చేయండి నాయనా, నీరు దానంతట అదే వస్తుంది" అనేవారు మాస్టారు.

తీరం వెంట వంతెనలకు చేరే రహదారి కట్టలు పోయించినప్పుడు నేను చేసింది అదే. అరచేతి వెడల్పు డ్రెయిన్ పట్టీలను మీటరు, మీటరున్నర ఎడంతో బంకమట్టిలోకి దింపించాం. నీరు పక్కనున్న పట్టీని చేరితే చాలు. పైన ఇసుక పొర, దాని మీద కట్ట, ఆపైన అదనపు మట్టి. అదీ అంచెలంచెలుగానే, ఒక్కసారిగా ఎత్తితే కింది మట్టి పక్కకు జారిపోతుంది. ఏళ్లు పట్టేది నెలల్లో తేలుతుంది. కానీ ఆ నెలలు ఆగనిచ్చేదెవరు? తారు వేసేయమని ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ కుంగుదల గ్రాఫు బల్ల మీద పరిచాను. గీత చదునయ్యేదాకా సంతకం పెట్టలేదు. ఆ వంతెనల మీదికి బస్సులు ఇవాళ్టికీ కుదుపు లేకుండా ఎక్కుతున్నాయి. పదోన్నతుల కన్నా నాకు అదే ఎక్కువ.

ల్యాబులో ఇంకా మన నాటి పరికరాలే ఉన్నాయట. ఈ కలయికలో కొత్త సెట్టు కొనిద్దాం. నా వాటా సిద్ధంగా ఉంది. ఒకటే షరతు: పిల్లలు మొదటి పరీక్ష రీడింగులు మాత్రం చేత్తోనే రాయాలి.