నిద్రపోయాక వచ్చే చరణం

తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు మాకొక పని చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్ళు పాడే పాట ఒకటి రాసుకురావాలి, సినిమా పాట కాకూడదు. నేను అమ్మమ్మ జోలపాట రాశాను. "జో అచ్యుతానంద జో జో ముకుంద" అన్న పల్లవి, దాని వెనక "మందలకు దొంగ మా ముద్దురంగ" దాకా ఒక్క చరణం. నాకు వచ్చింది అంతే. తమ్ముణ్ణి ఊయల ఊపుతూ అదే తిప్పి తిప్పి పాడేదాన్ని.

"ఎవరు రాశారమ్మా ఇది?" అని అడిగారు మాస్టారు.

"ఎవరూ రాయలేదండి. అమ్మమ్మలు పాడతారు" అన్నాను.

"చివరి చరణం కూడా రాసుకురా" అని నోట్సు తిరిగిచ్చేశారు.

ఆ రాత్రి అమ్మమ్మను పాట మొత్తం పాడమన్నాను. పాలకడలిలో పవళించడం, గోవర్ధనాన్ని గొడుగులా పట్టడం, బంగారు గిన్నెలో పాలు... నేనెప్పుడూ విననివి ఒక్కొక్కటే వస్తున్నాయి. చివరికి ఇది వచ్చింది: "అంగుగా తాళ్ళపాకన్నయ్య చాల, శృంగార రచనగా చెప్పెనీ జోల". నేను లేచి కూర్చున్నాను. పేరు పాటలోనే ఉంది! ఇన్నాళ్ళూ ఎందుకు పాడలేదంటే అమ్మమ్మ చెప్పింది: "అక్కడిదాకా మీరెవరు మేలుకున్నారే? రెండో చరణానికే కళ్ళు మూసేవాళ్ళు."

మర్నాడు క్లాసులో ఆ చరణం చదవడానికి టెన్షన్ పడ్డాను, శృంగారం అన్న మాట అందరి ముందూ అనాలి కదా. మాస్టారు ఆ మాట దగ్గరే ఆగారు. అలంకారం, సొగసు అన్న అర్థం కూడా దానికి ఉందన్నారు. అన్నమయ్య సంకీర్తనలను అధ్యాత్మమనీ శృంగారమనీ రెండు భాగాలు చేసి రాగిరేకుల మీద చెక్కించారని, ఆ రేకులు తిరుమల గుడిలో ఒక రాతి అరలో ఉండేవని చెప్పారు. అన్నమయ్య కాలం 1408–1503. ఆయన 32,000 సంకీర్తనలు రచించాడని మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. రేకుల్లో మనకు మిగిలినవి 12,000 పైచిలుకే. నాలుగు శతాబ్దాలు గడిచాక, 1920లలో గానీ ఆ రేకుల సంగతి లోకానికి సరిగా తెలియలేదట.

నన్ను అప్పుడూ ఇప్పుడూ కదిలించేది ఈ మాటే. రేకులు చీకటి గదిలో ఉన్నన్నాళ్ళూ ఊయల పక్కన ఆయన పేరు వినబడుతూనే ఉంది, పాపాయి ఇంకా నిద్రపోని రాత్రుల్లో. ఆయన కీర్తనల చివర మామూలుగా వేంకటేశ్వరుడి పేరే ముద్రగా ఉంటుంది. ఈ జోలలో మాత్రం మంగళం తిరుపట్ల మదనగోపాలుడికి, పక్కనే అన్నయ్య పేరు. అది చదివి మాస్టారు కాసేపు మౌనంగా ఉండిపోయారు. పాఠం చెబుతూ ఆయన అలా ఆగిపోవడం నేను మరెప్పుడూ చూడలేదు.

ఈ సంచికకు రాయమన్నారని పాత నోట్సు వెతికి తీశాను. పాట కింద ఎర్రసిరాతో ఆయన దస్తూరి ఉంది: "రచన: తాళ్ళపాక అన్నమాచార్యులు". దాని కింద "పాడినవారు" అని రాసి ఖాళీ వదిలి, ఇంటికెళ్ళి నింపుకురమ్మన్నారు. అక్కడ వంకరటింకర అక్షరాల్లో అమ్మమ్మ తన పేరు తానే రాసుకుంది.